ముగ్గురు నాస్తికులు, ఒక మైకు, నూకాలు గంప

అనకాపల్లి వెళ్ళొచ్చానంటే అందరూ బెల్లం తెచ్చావా అని అడిగారు. తెచ్చాను. వంటింట్లో చీమలకూ మాకూ మధ్య దాని మీద పంచాయితీ నడుస్తోంది. కానీ ఈ ప్రయాణం గురించి చెప్పాలంటే బెల్లంతో కాదు, నిమ్మకాయలతో మొదలుపెట్టాలి.

స్టేషన్ బయట

మా కోసం మాట్లాడిన వ్యానుకు రెండు పక్కలా ‘మూఢనమ్మకాలను ప్రశ్నిద్దాం’ అని ఎర్ర బ్యానరు కట్టి ఉంది. ముందు బంపరుకు మాత్రం నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడుతోంది. అప్పుడే మార్చినట్టున్నారు, కాయలు నిగనిగలాడుతున్నాయి.

“అవి తీసెయ్యి బాబూ, నవ్విపోతారు,” అంది భారతి. భారతి విశాఖలో లాయరు. ఈ ప్రచార యాత్ర ఆవిడదే.

డ్రైవరు అప్పారావు స్టీరింగు మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. “బేనరు మీది, బండి నాది మేడమ్. మీది నేను తియ్యనేదు గదా, నాది మీరెందుకు తీత్తారు?”

కోర్టులో ఎంతోమంది నోళ్ళు మూయించిన మనిషి, మారుమాట్లాడకుండా ఎక్కి కూర్చుంది. వెనక సీట్లో సత్యం మాస్టారు ఒళ్ళో సంచి పెట్టుకుని నవ్వుతున్నారు. ఆయన ఈ ఊరివారే, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. సంచిలో ఏముందని తొంగి చూస్తే అక్కడా నిమ్మకాయలే. మంత్రగాళ్ళ గారడీలు చేసి చూపించి, అందులోని గుట్టు విప్పి చెప్పడం ఆయన పద్ధతి.

ఇక నేను. మాది తెనాలి. దేవుడి పటం లేని ఇంట్లో పుట్టాను. మా వైపు నాస్తిక సభలంటే ఒక హాలు, ఒక అధ్యక్షుడు, ఇద్దరు ముఖ్య అతిథులు, చివర్లో వందన సమర్పణ. వినేవాళ్ళంతా ముందునుంచీ నాస్తికులే కాబట్టి ఎవరూ ఎవరినీ ఒప్పించాల్సిన అవసరం రాదు. ఒప్పుకున్నవాళ్ళ ముందు అరిచి అరిచి నాకు విసుగొచ్చింది. ఒప్పుకోనివాళ్ళ ముందు మా వాళ్ళు ఎలా మాట్లాడతారో చూద్దామని వీళ్ళతో బయల్దేరాను.

మాస్టారింటి అరుగు

మాస్టారి భార్య బెల్లం టీ ఇచ్చారు. పంచదార టీ తాగే నోటికి మొదటి గుక్క మందులా ఉంటుంది, మూడో గుక్కకు ఇంకో గ్లాసు అడగాలనిపిస్తుంది. ఆ రెండో గ్లాసు తాగుతుండగా అరుగు మీదకు ఒకావిడ వచ్చి కూర్చుంది. నలభై దాటిన మనిషి, మెడ నిటారుగా ఉంది. ఏళ్ళ తరబడి తల మీద బరువు మోసినవాళ్ళ మెడలు అలా ఉంటాయి.

ఆవిడ పేరు నూకాలు. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. రేవులో చేపలు కొని, గంపనెత్తుకుని, ఆటో పట్టుకుని, బస్సెక్కి వచ్చి ఈ వీధుల్లో అమ్మేది. ఆ రోజు గంప లేకుండా వచ్చింది.

“నన్ను కొట్నేదు, తిట్నేదు, ఊర్లోంచి పొమ్మన్నేదు,” అంది. “రేవులో నా పాట ఇనిపించుకోటం నేదు. అంతే.”

తెప్పలు ఒడ్డుకు రాగానే చేపలను ఇసుక మీద కుప్ప పోస్తారు. ఎర్రయ్య అనే పెద్దమనిషి పాట పెడతాడు. పాటంటే వేలం. ఎవరు ఎక్కువ పాడితే కుప్ప వాళ్ళది. నూకాలు గొంతెత్తి పాడితే ఎర్రయ్యకు వినపడదు. పక్కనున్న ఆడవాళ్ళకూ వినపడదు. తక్కువ పాడిన ఇంకొకరి పేరు పిలిచి కుప్ప ఇచ్చేస్తారు.

కారణం ఏమిటంటే, ఎర్రయ్య అన్నకు పక్షవాతం వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు నూకాలు ఆ అన్నతో తగువు పడింది. ఎక్కడినుంచో ఒక మంత్రగాణ్ణి తెచ్చారు. వాడు నిమ్మకాయ కోస్తే నెత్తురు కారింది. ఇది చిల్లంగి, పెట్టింది ఫలానా ఇల్లు, అని నూకాలు గడప చూపించి వెళ్ళిపోయాడు. చిల్లంగి అంటే ఈ ప్రాంతంలో చేతబడి.

“పోలీసు రిపోర్టు ఇద్దాం,” అంది భారతి.

“ఆల్లొత్తే ఏటని సెప్పాల తల్లీ? మావోలు ఇనబడ్నేదంటారు. ఇనబడకపోతే కేసుంటాదా?”

ఉండదు. భారతికి తెలుసు. కోపంతో గ్లాసు గట్టిగా కింద పెట్టింది.

“నాకు నూకాలమ్మంటే గురి. ఆ యమ్మ పేరే పెట్టినారు నాకు. దేవుడు నేడని మీరంటే నానొప్పుకోను,” అని ముందే చెప్పేసింది నూకాలు. “అయితే మీరు మాటాడితే జనం ఇంటారంట. నా పాట ఇనిపించీయండి. మరేటొద్దు.”

మా యాత్రలో ఆవిడ ఊరు ఆఖరి మజిలీ. వస్తాం అని మాటిచ్చాం. ఆ మాట నాకు రాయిలా బరువుగా తోచింది. సిద్ధాంతం ఓడిపోతే రేపు ఇంకో సభ పెట్టుకోవచ్చు. ఇక్కడ ఓడిపోతే ఒక మనిషి పొయ్యి ఆరిపోతుంది.

పరవాడ: షిఫ్టు మారే వేళ

భారతికి వెంట మోసుకెళ్ళే నీలం రంగు స్పీకరు ఒకటి ఉంది. దాని మైకును ఆవిడ చంటిబిడ్డలా చూసుకుంటుంది, ఎవరికీ ఇవ్వదు. “మైకిస్తే సభ పోతుంది,” అంటుంది. పరవాడలో కంపెనీ బస్సులు ఆగే చోట, టీ కొట్టు పక్కన దాన్ని పెట్టించింది. టీ పది రూపాయలు, గ్లాసు మాత్రం మా తెనాలి గ్లాసులో సగం.

“నా పేరు భారతి. నాకు దేవుడు లేడు, దెయ్యం లేదు, సిగ్గు అంతకన్నా లేదు. మీ ఊళ్ళో మంత్రగాడు ఎవడైనా ఉంటే పిలవండి. ఇక్కడే నిలబడతా. నన్ను పడగొట్టమనండి!”

ఈలలు వేశారు. బస్సు కిటికీల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి. భారతి పద్ధతి అది. సవాలు విసిరి, ఎదుటివాడికి ఊపిరాడనివ్వదు. నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. మనం లోపల అనుకునేది ఎవరైనా నడివీధిలో అరిస్తే అదొక సంబరం.

మందుల కంపెనీ ఐడీ కార్డు మెడలో వేసుకున్న కుర్రాడొకడు ముందుకొచ్చాడు. భారతి మైకు వాడి నోటి దగ్గర పెట్టింది, పిడి మాత్రం వదల్లేదు.

“రోజూ రియాక్టరు కాడికెల్లే ముందు దణ్ణవెట్టుకుంతాను మేడమ్. మానీమంటే మానేత్తాను. మరి భయం ఏస్తే ఏటి సెయ్యాల?”

“భయం వేస్తే మంచిదే. మొన్న మీ కంపెనీలో అలారం మోగిందట కదా. ఎందుకు మోగిందని సూపర్‌వైజర్ని అడిగావా?”

“అడగనేదు.”

“దేవుణ్ణి రోజూ అడుగుతున్నావు, జీతం తీసుకునే మనిషిని ఒక్కసారి అడగలేవా? ముందు ఆయన్ని అడుగు. తర్వాత టైముంటే దణ్ణం పెట్టుకో.”

వాడు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ రోజు ఆవిడ మాటల్లో నాకు నచ్చినవి ఇవే. వీటికి ఈలలు పడలేదు.

ఏటికొప్పాక: ఒక వినాయకుడి బేరం

ఏటికొప్పాకలో బొమ్మలు చేసే షెడ్డులోకి వెళ్తే లక్క కాలే వాసన ముక్కుకు పట్టేస్తుంది. తిరిగే కర్రకు లక్క బిళ్ళ ఆనిస్తే రంగు దానంతటదే పరుచుకుంటుంది. బొమ్మలు చేసే ఆవిడకు మాస్టారు పాత పరిచయం. ఆవిడ చేతిలో వినాయకుడున్నాడు, ఇంకా కళ్ళు పెట్టలేదు.

“ఎప్పుడు దేవుడవుతాడమ్మా ఈయన?” అన్నారు మాస్టారు మెల్లగా. ఆయన ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి, గిల్లినట్టు తెలియదు.

“కళ్ళెట్టేవరకూ కర్ర మాస్టారూ. కళ్ళెట్టేక సరుకు. మీలాంటోలు కొనుక్కెల్లి దీపవెడితే అప్పుడు దేవుడు,” అంది ఆవిడ చెయ్యి ఆపకుండా.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కారు దిగి వచ్చిన ఒక పెద్దాయన ఆ బొమ్మ బేరమాడుతూ మా బ్యానరు చూశాడు. ఈ సృష్టిని నడిపించేవాడు లేకపోతే సూర్యుడు వేళకెలా వస్తాడమ్మా, అని నన్నడిగాడు. అడిగేవాళ్ళ కోసం ముప్పై ఏళ్ళుగా కాచుకుని కూర్చున్నదాన్ని. ఒక్కొక్క ముడీ విప్పి, ఆయన మాటలు ఆయనకే అప్పగించి, పారిపోయే దారి లేకుండా చేశాను. ఆయన మొహం కందగడ్డ చేసుకుని, బొమ్మ అక్కడే పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు.

“మీరు గెలిసేరు గానీ, నా బేరం పోయింది మేడమ్,” అంది బొమ్మలావిడ.

మూడు వందల యాభై ఇచ్చి, కళ్ళు పెట్టించుకుని, వినాయకుణ్ణి నేనే కొన్నాను. వాదన మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. వినాయకుడు మా పుస్తకాల బీరువాలో కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు.

వ్యాన్లో బొమ్మ చూసి అప్పారావు చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు.

నక్కపల్లి అవతల, సముద్రం ఒడ్డు

హైవే మీద నక్కపల్లి దాటి సముద్రం వైపు తిరిగాక వరి చేలు అయిపోయి సరుగుడు తోటలొచ్చాయి. నూకాలు మాకోసం చోడంబలి కాచి ఉంచింది. మా వైపు రాగిజావ అంటాం, జబ్బు పడినవాళ్ళకు పోస్తాం. ఇక్కడ పుల్లగా, చల్లగా, పచ్చి ఉల్లిపాయా వేయించిన ఎండు నెత్తళ్ళూ నంజుకుని తాగుతారు. నేను రెండు సార్లు పోయించుకున్నాను. నెత్తళ్ళు అంటే చిటికెన వేలంత చేపలు, కరకరలాడతాయి. మేము ఆవిడ చేతి వంట తింటుంటే చుట్టుపక్కల గడపల్లో ఆడవాళ్ళు నిలబడి చూశారు. తిని బతుకుతామా అని చూస్తున్నారని భారతి నా చెవిలో అంది.

పొద్దుగూకే ముందు తెప్పల దగ్గర జనం చేరారు. మాస్టారు నిమ్మకాయ తీశారు, కోశారు, ఎర్రగా కారింది. ఆడవాళ్ళు “ఓలమ్మా” అని వెనక్కి జరిగారు. అప్పుడాయన గుట్టు విప్పారు. కత్తికి ఒక మందు, కాయకు ఇంకో మందు, రెండూ కలిస్తే ఎరుపు. ఒకమ్మాయిని పిలిచి ఆమె చేత కూడా కోయించారు. మళ్ళీ ఎర్రగా కారింది. ఇంతకన్నా తేటగా ఎవరూ చూపించలేరు. మా మాస్టారు మొహం వెలిగిపోయింది.

ఎర్రయ్య ముందుకొచ్చాడు. నేను ఊహించుకున్నట్టు లేడు. నెమ్మదస్తుడు, కళ్ళల్లో నిద్రలేనితనం ఉంది. అన్నకు అన్నం తినిపించేది ఈయనేనట.

“సూసేం మాస్టారూ. మందే. ఈ ఇద్దె మీకెవులు నేర్పినారు?”

“పుస్తకాల్లో ఉంటుంది నాయనా, ఎవరైనా నేర్చుకోవచ్చు.”

“మరి మీరు నూకాలికి నేర్పినారా?”

జనంలో గుసగుస లేచింది. ఏళ్ళ తరబడి ఆవిడ మాస్టారి వీధిలోనే చేపలమ్మింది కదా. ఎవరో ముసలాయన మాస్టారి చెయ్యి పట్టుకుని, “బాబూ, మా తెప్పకి కూడా ఒక కాయ కట్టీయండి, మంచి సెయ్యి మీది,” అని బతిమాలాడు. లేని మంత్రాన్ని లేదని చూపించబోయి ఆయనే మంత్రగాడయ్యారు, నూకాలు ఆయన శిష్యురాలైపోయింది.

భారతి మైకందుకుంది. “చిల్లంగి ఉంటే నా మీద పెట్టండి! ఇప్పుడే! రేపు పొద్దున్నకి నేను పడిపోతే మీ మాట నిజం!”

పరవాడలో ఈలలు తెచ్చిన సవాలు ఇక్కడ తిన్నగా వెళ్ళి నూకాలు మీద పడింది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. “పెట్టవే మరి,” అంది ఒకామె. “మీ మనిసే గదా తల్లీ, మీకెందుకు పెడద్ది?” అన్నాడు ఎర్రయ్య.

ఇంక నా వంతు. పక్షవాతం ఎందుకొస్తుందో చెప్పాను. మెదడులో రక్తం గడ్డ కడుతుంది అన్నాను.

“డాట్రూ అదే సెప్పేడు. మరి ఆ రోజే ఎందుకు కట్టింది?”

“బీపీ మాత్రలు మానేశాడట కదా, అందుకు.”

“మానీమని బుద్ది ఎవులు పుట్టించినారు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ సమాధానం చెప్పినా దాని వెనక ఇంకో తలుపు తెరుస్తున్నాడు. ఆ మనిషి మూర్ఖుడు కాదు, అన్న అలా మంచంలో పడి ఉంటే ఊరికే జరిగిందంటే తట్టుకోలేకపోతున్నాడు. అది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించాలనిపించలేదు. తన దుఃఖం తీరడానికి ఒక ఆడదాని అన్నం తీసేసే హక్కు ఎవరికీ లేదు, దేవుడున్నా లేకపోయినా.

జనం చెదిరిపోయాక నూకాలు మా దగ్గరకు వచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. “అయిపోనాయా మీ మాటలు? రేపు పొద్దున్న పాటకి రండి. ఏటీ సెప్పొద్దు. వచ్చి నా పక్కన నిలబడండి సాలు.”

రేవులో పాట

తెల్లారి తెప్పలొచ్చాయి. కవళ్ళనే చిన్న చేపలు బాగా పడ్డాయి. ఇసుక మీద పోస్తే వెండి రేకులు పరిచినట్టుంది. వల మీద పనిచేసేవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలోనే ఉండిపోయి, కెరటాల హోరులో వలల్లో ఇరుక్కున్న చేపలు విదిలిస్తున్నారు. కుప్ప దగ్గర జరిగే పాట వాళ్ళదాకా వినపడదు. ఎంతకు పోయిందో ఎర్రయ్య తర్వాత చెప్తాడు, ఆ వచ్చినదాంట్లో వాళ్ళకు వాటా.

పాట మొదలైంది. పోలమ్మ అనే ఆమె పదహారు వందలు పాడింది. పక్కనే నూకాలు, “పద్దెనిమిదొందలు!” అంది.

“పదహారొందలు, పోలమ్మ. పదహారొందలు,” అన్నాడు ఎర్రయ్య.

“రెండేలు!” అంది నూకాలు. నా చెవులు గింగురుమన్నాయి.

“పదహారొందలు, ఒకటోసారి...”

వినడం వేరు, కళ్ళారా చూడటం వేరు. ఒక్కరి కనురెప్ప కూడా కదల్లేదు. పోలమ్మ మాత్రం ఇసుకలోకి చూస్తోంది. తర్వాత తెలిసింది, చాలా ఏళ్ళు ఈ ఇద్దరూ జత. చేపల గంప ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేదు, ఎదుట ఇంకొకరు పట్టి ఎత్తాలి. నీ గంప నేనెత్తుతాను, నా గంప నువ్వెత్తు, అలా రేవులో ఆడవాళ్ళంతా జతలు జతలు. మంత్రగాడొచ్చి వెళ్ళినప్పటినుంచీ పోలమ్మ ఇంకొకరితో జత కట్టింది.

భారతి కదిలింది. ఉపన్యాసం ఇస్తుందనుకుని మాస్టారు చెయ్యి అడ్డం పెట్టబోయారు. ఆవిడ వెంట తెచ్చిన స్పీకరు మీట నొక్కి, మైకు తీసుకెళ్ళి నూకాలు చేతిలో పెట్టేసి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. ఆ మైకు ఆవిడ చేతిలోంచి జారడం నేను చూడటం అదే మొదటిసారి.

నూకాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నోటి దగ్గర పెట్టుకుంది. “రెండేలు! నూకాలు పాట, రెండేలు!”

రేవు రేవంతా మోగింది. కాకులు లేచాయి. నీళ్ళలో వల విదిలిస్తున్న ఒకతను తలెత్తి అరిచాడు. “పాట ఎంతకాడుంది మామా?”

“పదహారొందలు,” అన్నాడు ఎర్రయ్య.

“రెండేలని ఇనబడింది గదా!”

“గాలికి ఏదో...”

“గాలొచ్చి డబ్బులిత్తాదేటి? తగ్గినకాడికి మా వాటా నువ్విత్తావా?” ఆ పక్క తెప్ప వాళ్ళు కూడా వలలు వదిలేసి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎక్కువ పాట పాడిన మనిషి ఒకరుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

ఎర్రయ్య నీళ్ళలో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. “రెండేలు. నూకాలు.”

మాస్టారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. గెలిచామనుకున్నాం. కానీ పని ఇంకా ఉంది. నూకాలు గంప నింపుకుంది, తల మీద చుట్టకుదురు పెట్టుకుంది, నిలబడింది. ఎత్తడానికి ఎవరూ రాలేదు. ఆవిడ గంప ముట్టుకుంటే చిల్లంగి తగులుతుందని భయం. భారతి, నేను ఒక్కసారే ముందుకు వెళ్ళాం.

“మీరొద్దు,” అంది నూకాలు. “మీరు మజ్జానం ఎలిపోతారు. రోజూ ఎత్తాల్సినోలే ఎత్తాల.”

మైకు భారతికి ఇచ్చేసి, గంప పక్కన అలాగే నిలబడింది. ఎండ ఎక్కుతోంది. ఎండలో కవళ్ళు ఎంతోసేపు నిలవవు, మెత్తబడితే కొనేవాళ్ళుండరు. అవతల ఆటో హారను కొడుతోంది. భారతి చేతిలో మైకుంది, ఎదురుగా జనముంది, అయినా నోరు విప్పలేదు. ఆవిడ జీవితంలో అంతకన్నా కష్టమైన పని చేసి ఉండదని నా నమ్మకం. నాకైతే దవడలు నొప్పెట్టాయి.

పోలమ్మ తన ఖాళీ గంప ఇసుక మీద పడేసింది. విసవిసా నడిచి వచ్చి, నూకాలు మొహం చూడకుండా గంప ఒక అంచు పట్టుకుంది.

“వొంగు. ఎండెక్కిపోతంది.”

“పోలమ్మా!” అని గట్టిగా అరిచాడు ఎర్రయ్య.

పోలమ్మ గంప ఎత్తి నూకాలు తల మీద సర్ది, చేతులు కొంగుకు తుడుచుకుంది. అప్పుడు తిరిగి చూసింది.

“ఇనబడ్నేదు మామా,” అంది.